అన్నె ఫ్రాంక్ నాటకం చూసి వచ్చాక స్పందన వ్యాసం రాయడం ఎలా

నాటకం చూసి నాలుగు పేజీల స్పందన రాసుకురమ్మంటే మనలో చాలామంది చేసే పని ఒకటే. మూడున్నర పేజీలు కథ చెప్పి, మిగిలిన అరపేజీలో కళ్ళు చెమర్చాయని, మానవత్వం ఓడిపోయిందని రాసి సంతకం పెడతాం. రెండేళ్ళ క్రితం తిరుపతిలో డిగ్రీ చదువుతుండగా నేనూ సరిగ్గా అదే చేశాను. హిట్లర్ కాలంలో దాక్కుని డైరీ రాసుకున్న యూదు బాలిక అన్నె ఫ్రాంక్ కథను నాటకంగా మా సీనియర్లు తెలుగులోకి మార్చుకుని వేస్తే, దాని మీద నేను రాసిన వ్యాసాన్ని మాస్టారు చదివి, మార్జిన్లో ఒక్క గీత కూడా గీయకుండా తిరిగి ఇచ్చేశారు. "ఏమ్మా, కథ నాకు తెలుసు గదా. నువ్వేం చూసినావో ఇందులో యాడా లేదే?" అన్నారు. అదే వ్యాసాన్ని మళ్ళీ రాయడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. ఈ నాటకం మీద రాయవలసిన జూనియర్లకు ఆ తొమ్మిది రోజుల్లో నేర్చుకున్నది చెబుతున్నాను.

కలం పట్టే ముందు నోటుపుస్తకంలో ఒక పేజీని మూడు నిలువు గడులుగా విభజించుకోండి. మొదటి గడిలో నిజంగా జరిగింది, రెండో గడిలో డైరీలో ఉన్నది, మూడో గడిలో మీరు వేదిక మీద చూసింది రాయాలి. ఈ మూడింటినీ కలిపేసి "అన్నె ఇలా చేసింది, అన్నె అలా అన్నది" అని రాయడమే మన వ్యాసాల్లో కనిపించే అతి పెద్ద తప్పు. ఆ నాటకాన్ని అన్నె రాయలేదు. ఆమె డైరీని ఆధారం చేసుకుని ఫ్రాన్సెస్ గుడ్‌రిచ్, ఆల్బర్ట్ హాకెట్ అనే అమెరికన్ దంపతులు రాశారు. న్యూయార్క్‌లో 1955 అక్టోబరు 5న తొలి ప్రదర్శన జరిగింది, మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి వచ్చింది. అంటే మీరు చూసింది ఒక పిల్ల రాసుకున్నదాన్ని మరో ఇద్దరు పెద్దవాళ్ళు రంగస్థలానికి తగ్గట్టు కోసి కుట్టిన రూపం. మన సీనియర్లు దాన్ని గంటన్నరకు కుదించి తెలుగు చేశారు గనుక, మనదాకా వచ్చేసరికి ఇంకొక కత్తెర కూడా పడింది.

మొదటి గడిని తేదీలతో నింపండి. అన్నె ఫ్రాంక్ 1929 జూన్ 12న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. హిట్లర్ అధికారంలోకి వచ్చాక ఆ యూదు కుటుంబం నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌కు వలస వెళ్ళింది. 1940 మే నెలలో జర్మన్ సైన్యం అక్కడికీ వచ్చింది. 1942 మే నుంచి యూదులందరూ బట్టల మీద పసుపుపచ్చ నక్షత్రం కుట్టుకుని తిరగాలన్నారు. జులై 5న అన్నె అక్క మార్గోట్‌ను జర్మనీలో పనికి రమ్మని తాఖీదు వచ్చింది. మరునాడే తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ వీధిలోని 263వ నంబరు భవనంలో, తండ్రి ఓటో ఫ్రాంక్ వ్యాపారం నడిచిన చోటనే, వెనుక భాగంలోకి వెళ్ళి దాక్కున్నారు. తర్వాత మరో నలుగురు చేరి ఎనిమిది మంది అయ్యారు. లోపలికి వెళ్ళే దారికి అడ్డంగా కదిలే పుస్తకాల అర ఒకటి అమర్చారు. 1944 ఆగస్టు 4న పోలీసులు వచ్చి పట్టుకునేదాకా, రెండేళ్ళకు పైగా, వాళ్ళు అక్కడే ఉన్నారు. ఎనిమిది మందిలో ప్రాణాలతో తిరిగి వచ్చింది ఓటో ఫ్రాంక్ ఒక్కడే. అన్నె, మార్గోట్ 1945 తొలి నెలల్లో బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరంలో చనిపోయారు. బ్రిటిష్ సైన్యం ఆ శిబిరాన్ని విడిపించింది ఏప్రిల్ 15న. ఈ వివరాలను వ్యాసంలో దింపనక్కరలేదు, మీ వాక్యం ఏదీ వీటికి విరుద్ధంగా పోకుండా చూసుకుంటే చాలు.

రెండో, మూడో గడులను పక్కపక్కన పెట్టినప్పుడే అసలు రాయదగ్గ సంగతులు బయటపడతాయి. నాటకంలో ఫ్రాంక్ కుటుంబం వచ్చేసరికి, వాళ్ళతో కలిసి దాక్కునే వాన్ డాన్ కుటుంబం అప్పటికే అక్కడ కూర్చుని ఎదురుచూస్తూ ఉంటుంది. నిజానికి ముందు వచ్చింది ఫ్రాంక్ కుటుంబమే, రెండోవాళ్ళు వారం తర్వాత వచ్చారు. వాళ్ళ అసలు ఇంటిపేరు వాన్ పెల్స్, వాన్ డాన్ అనేది అన్నె పెట్టిన మారుపేరు. నాటకంలో దంతవైద్యుడు డస్సెల్‌కు యూదు ఆచారాలేమీ తెలియవు. ఆ పాత్రకు మూలమైన ఫ్రిట్జ్ ఫెఫెర్ మాత్రం ధర్మం తెలిసిన, నిష్ఠగల మనిషి. ఇక, వాన్ డాన్ అర్ధరాత్రి రొట్టె దొంగిలిస్తూ పట్టుబడే సన్నివేశం ఉందే, మన హాల్లో అందరూ ఊపిరి బిగబట్టి చూసింది, ఆ దొంగతనం డైరీలో లేదు. నాటకకర్తలు కల్పించింది.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోండి. రొట్టె దొంగతనం ఎందుకు కల్పించారు? రెండేళ్ళ ఆకలిని, ఇరుకు చోట ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసిన విసుగును డైరీ రోజుకింత చొప్పున చెబుతుంది. వేదికకు అంత వ్యవధి ఉండదు, ఒక్క చేతివాటంలో అదంతా కనిపించాలి. అందుకే కల్పించి ఉంటారని నేను రాశాను. అయితే నిజంగా బతికి, శిబిరంలో చంపబడిన ఒక మనిషికి, పేరు మార్చి అయినా సరే, చేయని దొంగతనం అంటగట్టడం న్యాయమా అని కూడా రాశాను. మాస్టారు రెండో ప్రశ్న పక్కన టిక్కు పెట్టారు. ఇలాంటి ఒక్క తేడా దొరికితే దాని మీదే ఒకటిన్నర పేజీ నిలబడండి. నాలుగు తేడాలు ఏరి ఒక్కోదానికి మూడు వాక్యాలు ఇస్తే వ్యాసం బజారు చీటీలాగా తయారవుతుంది.

ప్రదర్శన చూసేటప్పుడు ఏం గమనించాలన్నది ఇంకా ముఖ్యం. మాటలు తర్వాత ప్రతిలో దొరుకుతాయి గనుక ఆ రోజు కళ్ళూ చెవులూ వస్తువుల మీద పెట్టండి. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా చెప్పులు లేకుండా నడవాలి, గుసగుసగా తప్ప మాట్లాడకూడదు, కొళాయి తిప్పకూడదు, బంగాళాదుంప తొక్క కూడా బయట పడేయకుండా రాత్రి పొయ్యిలో కాల్చెయ్యాలి అని తండ్రి నియమాలు చెబుతాడు. కింద గోదాములో పనివాళ్ళు ఉంటారు గదా. ఈ నియమాలను ఏకరువు పెట్టి "వారి జీవితం దుర్భరం" అని రాసే బదులు, ఒక్కటి పట్టుకుని అది మీ కళ్ళ ముందు ఎలా జరిగిందో రాయండి. నా రెండో ప్రతిలోని పేరాను ఉదాహరణకు ఇస్తున్నాను.

"తల్లి వేషం వేసిన అమ్మాయి రబ్బరు చెప్పులతోనే వేదిక మీదకు వచ్చింది. చెక్క మీద ఆ చెప్పులు టపటపమంటుంటే వెనుక వరుసలో ఎవరో నవ్వారు. తండ్రి నియమాలు చెప్పడం పూర్తయ్యాక ఆమె వంగి, చెప్పులు విడిచి, వాటిని పైటకొంగులో చుట్టి మూల పెట్టింది. అక్కడి నుంచి ఆమె నడక వినిపించలేదు. కొంతసేపటికి కింద దొంగ దూరిన సన్నివేశం వచ్చింది. దీపం ఆర్పడానికి కుర్చీ ఎక్కిన వాన్ డాన్ కొడుకు పీటర్ జారిపడగా అందరూ బిగుసుకుపోయి ఉన్న క్షణంలో, మా వరుసలో ఎవరిదో స్టీలు టిఫిను డబ్బా కింద పడింది. వేదిక మీద ఎనిమిది మందీ ఉలిక్కిపడ్డారు. మేమూ ఉలిక్కిపడ్డాం. ఎవరూ వంగి డబ్బా తీసుకోలేదు."

ఈ పేరాలో జాలి, బాధ, కన్నీరు అన్న మాటలు లేవని గమనించండి. ప్రేక్షకుల గురించి రాయడం తప్పు కాదు. ఈ నాటకాన్ని 1956లో బెర్లిన్‌లో వేసినప్పుడు ప్రేక్షకులు చప్పట్లు కొట్టకుండా మౌనంగా వెళ్ళిపోయారన్నది కూడా ఆ నాటక చరిత్రలో భాగమే. మన దగ్గర ఈలలు పడితే ఈలలు పడ్డాయనే రాయండి.

పోలికల దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. చిత్తూరు జిల్లా పల్లెల నుంచి వచ్చినవాళ్ళకు ఈ నాటకం చూడగానే గుర్తొచ్చేది పాండవుల అజ్ఞాతవాసం. ద్రౌపదమ్మ గుడి దగ్గర పద్దెనిమిది రోజుల భారతం, పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం, అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, చివరన దుర్యోధనుడి మట్టిబొమ్మను పడగొట్టడం, ఇవన్నీ చూస్తూ పెరిగాం. కాబట్టి దాక్కోవడం అనగానే విరాటుడి కొలువు కళ్ళ ముందుకొస్తుంది. ఈ పోలికను వదులుకోకండి, ఎందుకంటే ఇది మీ సొంతం, ఏ గైడులోనూ ఉండదు. అయితే పోలిక ఎక్కడ తెగిపోతుందో అక్కడిదాకా తీసుకుపోయి చూపించండి. పాండవులు జూదంలో ఒప్పుకున్న షరతు ప్రకారం దాక్కున్నారు. ఈ ఎనిమిది మంది ఏ పందెమూ ఆడలేదు, పుట్టుకే వాళ్ళ మీద మోపిన నేరం. పాండవులకు ఏడాది అన్న గడువుంది, జమ్మిచెట్టు మీద ఆయుధాలున్నాయి, వేషం మార్చుకుని రాజవీధిలో తిరిగే వీలుంది. భీముడు వంటశాలలో అందరి మధ్యా నిలబడి వండాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో దాగినవాళ్ళకు గడువు తెలియదు, ఆయుధం లేదు, ఎవరి కంటా పడే వీలే లేదు. పిల్లలు ఎదుగుతుంటే ఎత్తు కొలిచి గోడ మీద పెన్సిల్‌తో గీతలు గీశారు, అవి ఇప్పటికీ ఆ ఇంట్లో ఉన్నాయి. అక్కడున్న కాలంలో అన్నె పదమూడు సెంటీమీటర్లకు పైగా పొడవు పెరిగింది. కీచకవధ లాంటి ఘట్టం కోసం ఎదురుచూసే మన భారతం అలవాటుకు ఈ నాటకం ఏమీ ఇవ్వదు. ఆ నిరాశ మీకు కలిగి ఉంటే దాన్ని దాచకుండా రాయండి, నేను రాశాను.

ఇప్పుడు అందరూ ఎత్తి రాసే ఆ వాక్యం సంగతి. ఇంత జరిగినా మనుషులు లోలోపల మంచివాళ్ళేనని తాను నమ్ముతున్నానని అన్నె అన్న మాటను తండ్రి డైరీలోంచి చదువుతాడు, నాటకం దాదాపు అక్కడే ముగుస్తుంది. నా మొదటి ప్రతిలో ఇవి అన్నె ఆఖరి మాటలని రాసి, కింద రెండు గీతలు కూడా కొట్టాను. అవి ఆఖరి మాటలు కావు. 1944 జులై 15 నాటి పుట మధ్యలోనివి. ఆ తర్వాత కూడా ఆమె డైరీ రాసింది. పైగా అదే పుటలో, లోకం మెల్లగా ఎడారిగా మారిపోతోందనీ, తమను కూడా నాశనం చేసే ఉరుము దగ్గరవుతున్నట్టు వినిపిస్తోందనీ, లక్షల మంది బాధ తనకు తెలుస్తోందనీ రాసింది. ఇరవై రోజులకు పోలీసులు వచ్చారు. నాటకం ఉరుమును వదిలేసి నమ్మకాన్ని మాత్రం చివరకు జరిపింది. ప్రేక్షకుణ్ణి ఓదార్చి ఇంటికి పంపాలన్న ఆ ఏర్పాటు నాకు నచ్చలేదు. మీకు నచ్చవచ్చు. ఏదైనా సరే, ఆ వాక్యాన్ని ఎత్తి రాసేవాళ్ళు దాని చుట్టూ ఉన్న వాక్యాలను కూడా చదివి రాయాలి.

మాటల ఎంపికలో రెండు సూచనలు చేస్తాను. నాజీల గుర్తును ఊరికే "స్వస్తిక్" అని వదిలేస్తే, గడపకు పసుపు రాసి స్వస్తిక్ వేసే మన ఇళ్ళలో చదివేవాళ్ళు తికమకపడతారు, అందుకని "నాజీల జెండా మీది గుర్తు" అని విడమరచి రాయండి. అన్నె జబ్బు చేసి చనిపోయిందని రాసి ఊరుకోకండి. ఆమెకు టైఫస్ అనే జ్వరం సోకడానికి కారణం ఆ శిబిరంలోని ఆకలి, పేలు, మురికి, కిక్కిరిసిన జనం, వాటిని కల్పించినవాళ్ళు. వాక్యంలో వాళ్ళు కూడా ఉండాలి. నెదర్లాండ్స్‌లోని దాదాపు లక్షా నలభై వేల మంది యూదుల్లో లక్ష మందికి పైగా హతమయ్యారు. యూదులంటే ఎక్కడో ఉండేవాళ్ళని రాసే ముందు, కొచ్చిలో 1568లో కట్టిన ప్రార్థనామందిరం ఉందనీ, మన గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడుతూ యూదు ఆచారాలు పాటించే కుటుంబాలున్నాయనీ గుర్తుంచుకోండి.

వ్యాసం పూర్తయ్యాక నాటకం చూడని మనిషికి చదివి వినిపించండి. నేను సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు మా అవ్వకు వినిపించాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ చివరిదాకా విని, చాట పక్కన పెట్టి, "అంతా బాగానే ఉంది గానీ మే, బయటకు పోకుండా అంతమందికి కూడు యాడ నుంచి వస్తా ఉండె? రేషన్ ఎవురిచ్చిరి?" అని అడిగింది. నాలుగు పేజీల్లో ఆ జవాబు ఎక్కడా లేదు. నాటకంలో మీప్ సంచీ పట్టుకుని వచ్చి పోతూ ఉంటే, ఆమెను వార్తలు మోసే పాత్రగా మాత్రమే చూశాను. తర్వాత చదివితే తెలిసింది. మీప్ గీస్, బెప్ వోస్కెయిల్, యోహన్నెస్ క్లెయిమన్, విక్టర్ కుగ్లర్ అనే ఆఫీసు ఉద్యోగులు నలుగురు, దొంగచాటుగా సంపాదించిన రేషన్ కూపన్లతో రెండేళ్ళు ఆ ఎనిమిది మందికి తిండి మోశారు. కూరగాయలు ఇచ్చిన అంగడివాణ్ణి, ఇద్దరు యూదులను తన ఇంట్లో దాచాడని 1944 మే నెలలో పట్టుకుపోయారు. ఆగస్టు 4న క్లెయిమన్‌ను, కుగ్లర్‌ను కూడా తీసుకుపోయారు. నేల మీద చెల్లాచెదరుగా పడి ఉన్న డైరీ కాగితాలను ఏరి బల్ల సొరుగులో దాచింది మీప్, బెప్‌లే.

ఆ పేరా చేర్చేసరికి వ్యాసం నాలుగు పేజీలు దాటి ఐదో పేజీలో సగం దాకా వచ్చింది. మాస్టారు పేజీలు లెక్కపెట్టలేదు.