65 దగ్గర పడుతోందా? మెడికేర్‌లో ముందు తేదీలు చూసుకోండి

మెడికేర్ అంటే అమెరికాలో ముఖ్యంగా 65 దాటినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా. ఆ పేరు అనగానే అందరూ ఏ ప్లాన్ మంచిదని అడుగుతారు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది తేదీలు. గడువు దాటితే పడే పెనాల్టీ కొన్నిసార్లు జీవితాంతం వదలదు.

65 నిండే నెల, దానికి ముందు మూడు, తర్వాత మూడు నెలలు, మొత్తం ఏడు నెలలు చేరడానికి టైం ఉంటుంది. ముందు మూడు నెలల్లోనే సోషల్ సెక్యూరిటీ వెబ్‌సైట్‌లో అప్లై చేస్తే పుట్టిన నెల ఒకటో తారీఖు నుంచే కవరేజి వస్తుంది. పుట్టినరోజే ఒకటో తారీఖైతే ఈ లెక్కంతా ఒక నెల ముందే మొదలవుతుంది.

మీకుగానీ మీ భార్య లేదా భర్తకుగానీ 40 క్వార్టర్ల (దాదాపు పదేళ్ల) పని చరిత్ర ఉంటే ఆస్పత్రి ఖర్చు చూసే పార్ట్ ఎకి ప్రీమియం ఉండదు. పిల్లల దగ్గరికి గ్రీన్ కార్డు మీద వచ్చిన అమ్మానాన్నలకు అది ఉండదు కాబట్టి, 65 నిండి, వరుసగా ఐదేళ్లు అమెరికాలో ఉన్నాక ప్రీమియం కట్టి చేరొచ్చు. డాక్టర్ల ఖర్చు చూసే పార్ట్ బికి ప్రీమియం అందరికీ ఉంటుంది. 2026లో మామూలుగా నెలకు 202.90 డాలర్లు. రెండేళ్ల కిందటి ట్యాక్స్ రిటర్న్‌లో ఆదాయం ఎక్కువుంటే ఇంకా పెరుగుతుంది. రిటైరై ఆదాయం తగ్గినవాళ్లు ఎస్‌ఎస్‌ఎ-44 ఫారంతో తగ్గించమని అడగొచ్చు.

ఇంకా ఉద్యోగంలో ఉన్నవాళ్లే ఎక్కువ పొరబడతారు. కంపెనీలో 20 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ఆ ఇన్సూరెన్సే ముందు చెల్లిస్తుంది, పార్ట్ బిని వాయిదా వేయొచ్చు. 20 మంది కన్నా తక్కువైతే మెడికేరే ముందు చెల్లించాలి కాబట్టి పార్ట్ బి తీసుకోవాల్సిందే. లేదంటే బిల్లులో మెడికేర్ కట్టాల్సిన వాటా మీ నెత్తిన పడుతుంది. ఉద్యోగం ఆగాక ఎనిమిది నెలల్లో చేరాలి, దానికి హెచ్‌ఆర్ సంతకంతో సీఎంఎస్-ఎల్564 ఫారం కావాలి. ఉద్యోగం ఆగాక సొంత డబ్బుతో పాత కంపెనీ ఇన్సూరెన్స్‌ను కొనసాగించే కోబ్రా ఉంది కదా అని ఊరుకోకండి, అది ఉద్యోగ కవరేజి కింద లెక్కకు రాదు. ఆలస్యమైన ప్రతి పూర్తి ఏడాదికీ పార్ట్ బి ప్రీమియం 10 శాతం చొప్పున పెరిగి అలాగే ఉండిపోతుంది. హెచ్‌ఎస్‌ఎలో (వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా దాచుకునే ఖాతాలో) డబ్బు వేస్తున్నవాళ్లు 65 దాటాక అప్లై చేస్తుంటే ఆరు నెలల ముందే ఆపాలి. పార్ట్ ఎ ఆరు నెలల వరకు వెనక తేదీ నుంచి మొదలవుతుంది గనక.

అసలైన నిర్ణయం ఇక్కడుంది: ప్రభుత్వమే నడిపే పార్ట్ ఎ, బి, అంటే ఒరిజినల్ మెడికేర్‌లో ఉండాలా, ప్రైవేటు కంపెనీల అడ్వాంటేజ్ ప్లాన్‌లో చేరాలా? ఒరిజినల్ మెడికేర్‌లో పార్ట్ బి ఖర్చులో మామూలుగా 20 శాతం మీదే, దానికి పైపరిమితి లేదు. ఆ లోటు పూడ్చేది మెడిగ్యాప్, అంటే ప్రైవేటు కంపెనీలు అమ్మే అదనపు పాలసీ. 65 దాటి పార్ట్ బి మొదలైన రోజు నుంచి ఆరు నెలలు షుగరున్నా, స్టెంట్ వేసినా కంపెనీ కాదనడానికి, రేటు పెంచడానికి వీల్లేదు. ఆ తర్వాత చాలా రాష్ట్రాల్లో ఆరోగ్యం గురించి అడిగి తిరస్కరించొచ్చు. మెడిగ్యాప్‌లో ఒక రకమైన ప్లాన్ జిలో పార్ట్ బి డిడక్టబుల్ (ఏటా ముందుగా మీ జేబులోంచి పెట్టాల్సిన మొత్తం), 2026లో 283 డాలర్లు, మీరు కట్టుకుంటే చాలు, మెడికేర్ కవర్ చేసే మిగతా ఖర్చులో మీ వాటా దాదాపు అంతా అదే చూసుకుంటుంది. ప్లాన్ ఎన్ చవక, కానీ డాక్టర్ విజిట్‌కు 20 డాలర్ల వరకు మీరే కట్టే కోపే ఉంటుంది. ఎక్కువ రాష్ట్రాల్లో ఏ కంపెనీ దగ్గర కొన్నా ప్లాన్ జి ప్రయోజనాలు ఒకటే. అందుకే ప్రీమియంతో పాటు గతంలో ఎంత పెంచుతూ వచ్చారో అడగండి.

ఇండియా వెళ్లివచ్చేవాళ్లకు ఇంకో లాభం: జి, ఎన్ రెండూ ప్రయాణం మొదటి 60 రోజుల్లో వచ్చే ఎమర్జెన్సీకి, 250 డాలర్ల డిడక్టబుల్ పోను, 80 శాతం ఇస్తాయి. జీవితకాల పరిమితి 50,000 డాలర్లు. ఒరిజినల్ మెడికేర్ ఒక్కటే ఉంటే ఇండియా ఆస్పత్రి ఖర్చు మామూలుగా రాదు.

అడ్వాంటేజ్ ప్లాన్లకు ప్రీమియం తక్కువ, ఏటా ఖర్చుకు పరిమితి ఉంటుంది. కానీ నెట్‌వర్క్ డాక్టర్లు, ముందస్తు అనుమతులు తప్పవు. 65లో మొదటిసారి చేరినవాళ్లు ఏడాదిలోపు ఒరిజినల్ మెడికేర్‌కు వెనక్కి వస్తే మెడిగ్యాప్ హామీగా దొరుకుతుంది. ఆ తర్వాత కష్టం.

మెడిగ్యాప్ తీసుకుంటే మందులకు పార్ట్ డి విడిగా కొనాలి. ఇప్పుడు మాత్రలేవీ వాడకపోయినా చవకది ఒకటి తీసుకోండి, వరుసగా 63 రోజులు లేదా అంతకన్నా ఎక్కువ ఖాళీ ఉంటే పెనాల్టీ పడుతుంది. ప్రతి రాష్ట్రంలోనూ షిప్ అనే ఉచిత సలహా సేవ ఉంది, వాళ్లు ఏదీ అమ్మరు. మందుల పేర్లు, మోతాదులు, మీ డాక్టర్ల పేర్లు రాసుకుని వెళ్తే మీ ప్రాంతంలోని ప్లాన్లను పక్కపక్కన పెట్టి చూపిస్తారు.