నడకలో ఊరకుక్క మీదికొస్తే: మన కుక్కను కాచుకునే పద్ధతి

ఎదుటి కుక్క పళ్లు దిగాక మనం చేయగలిగింది తక్కువ. ఏ దారిన, ఏ వేళప్పుడు, చేతిలో ఏం పట్టుకుని బయల్దేరామన్న దగ్గరే సగం పని అయిపోతుంది. గోదావరి డెల్టాలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే మన దారుల్లో పక్కకి తప్పుకునే చోటే ఉండదు. కాలువ గట్టు మీద ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క చేను. కోనసీమ పుంతల్లో రెండు పక్కలా కంచెలు. ఎదురుగా రెండు కుక్కలు నిలబడితే వెనక్కి తిరగడమే గతి.

కొత్త దారికి కుక్కను తీసుకెళ్లే ముందు అదే వేళకి మీరొక్కరే నడిచి చూసి రండి. ఏ మలుపులో కుక్కలు పడుకుంటున్నాయి, ఏ ఇంటి గేటు బార్లా తీసి ఉంటోంది, అవసరమైతే దూరడానికి కొట్టో గుడి ప్రహరీయో ఉందా, ఇవి చూసుకోండి. ఆదివారం చికెన్ కొట్ల వైపు, పెళ్లి ముహూర్తాల రోజుల్లో ఫంక్షన్ హాళ్ల వెనక వీధుల్లోకి అసలు వెళ్లొద్దు. తిండి దగ్గర గుమిగూడిన కుక్కలు మామూలు రోజు కుక్కల్లా ఉండవు.

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చేపల చెరువు, రొయ్యల చెరువు గట్లు నడకకి బాగున్నట్టే కనిపిస్తాయి. కానీ మకాం దగ్గర కాపలా కుక్కలుంటాయి. రాత్రి వదిలేసి, తెల్లారాక ఎప్పుడో కట్టేస్తారు. వీధికుక్క తన హద్దు దాకా మొరుగుతూ మనల్ని సాగనంపి ఆగిపోతుంది. కాపలా కుక్కకి గట్టంతా హద్దే. కట్టేశారని కాపలా మనిషిని అడక్కుండా ఆ గట్టెక్కొద్దు.

వేళ విషయంలో తెల్లవారుజాము నాలుగు, అయిదు గంటలూ, రాత్రి పది దాటాకా చెడ్డవి. మనుషుల అలికిడి లేనప్పుడు వీధి కుక్కలదే. టీ కొట్లు తెరిచి, పాల వాళ్లు తిరగడం మొదలయ్యాక బయల్దేరితే గొడవ బాగా తగ్గుతుంది.

కాలం కూడా చూసుకోవాలి. చిత్త కార్తె, అంటే సుమారు అక్టోబరు 10 నుంచి 23 వరకు, ఊరకుక్కలు జతకట్టే రోజులు. మగకుక్కలు గుంపులుగా తిరుగుతాయి, వాటిలో వాటికే పడదు. మధ్యలో మన మగకుక్క కనిపిస్తే అన్నీ ఒక్కటవుతాయి. కుక్కకి చూలు 63 రోజుల అటూ ఇటూ. అంటే డిసెంబరు నడిమి నుంచి ఈనడం మొదలవుతుంది, సంక్రాంతి నాటికి గడ్డివాము పక్కనో, ఎండిన తూములోనో నెల పిల్లలతో తల్లి ఉంటుంది. పిల్లల తల్లి హెచ్చరిక లేకుండా వస్తుంది. అలాంటి చోటుని రెండు నెలలు వదిలేయండి. మీది ఆడకుక్కయి ఎదకొస్తే ఆ మూడు వారాలూ నడక మానేసి పెరట్లోనే తిప్పండి.

ఒంటి మీద ఏముండాలి

గొలుసు వద్దు. చేతిలో జారుతుంది, లాగితే తోలు ఊడుతుంది. అయిదారు అడుగుల మందపాటి నైలాను పట్టీ తీసుకుని, కొక్కెం నుంచి అడుగున్నర దూరంలో ఒక ముడి వేయండి. ప్రమాదం వచ్చినప్పుడు చెయ్యి వెతుక్కోకుండా ఆ ముడి మీదికి వెళ్తుంది, కుక్క మీ కాలి పక్కనే ఉంటుంది. లోపలికి చుట్టుకునే రకం తాళ్లు ఇలాంటి వీధుల్లో పనికిరావు. పట్టీని అరచేతికి చుట్టుకోవద్దు, ఒక్క గుంజుకి వేళ్లు విరుగుతాయి. చివరి ఉచ్చులోకి బొటనవేలు దూర్చి పిడికిలి బిగిస్తే చాలు.

భయపడిన కుక్క ముందుకి లాగదు, తల వంచి వెనక్కి లాగుతుంది. మెడ బెల్టు చెవుల మీదుగా ఊడిపోయేది అప్పుడే. రెండు వేళ్లు మాత్రమే దూరేంత బిగువుగా ఉండాలి. వీపు మీద పట్టుకునే పిడి ఉన్న హార్నెస్ (ఛాతీకీ వీపుకీ చుట్టే పట్టీ) అయితే ఇంకా మేలు, ఒక్క చేత్తో ఎత్తి గోడ మీద పెట్టొచ్చు. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి కొక్కెం స్ప్రింగు తుప్పుపట్టి, మూసుకున్నట్టే కనిపిస్తూ సగంలో ఆగిపోతుంది. నెలకోసారి పదిసార్లు నొక్కి వదిలి చూడండి. ఒక్కసారి తడబడినా మార్చేయండి.

చేతిలోకి అన్నిటికన్నా పనికొచ్చేది బటన్ నొక్కితే తెరుచుకునే గొడుగు. మీదికొచ్చే కుక్క ముఖం ఎదుట టప్పున తెరుచుకుంటే అది ఆగుతుంది, వెనకున్న మన కుక్క దానికి కనపడదు. అయితే ముందు మన కుక్కకి అలవాటు చేయాలి, లేకపోతే అదే మొదట బెదిరి పారిపోతుంది. ఇంట్లో వారం రోజులు, మొదట దూరంగా సగం తెరిచి, తెరిచిన ప్రతిసారీ ఒక ముక్క తినిపించండి. గొడుగు లేకపోతే మూడడుగుల కర్ర. అది కొట్టడానికి కాదు, ఎదుటి కుక్కని దూరంగా ఆపడానికి, నేల మీద చప్పుడు చేయడానికి. కొడితే చాలా కుక్కలు ఇంకా రెచ్చిపోతాయి. పెప్పర్ స్ప్రే గట్ల మీద గాలికి తిరిగి మన కళ్లలోనే పడుతుంది. బిస్కెట్లు ఒంటరి కుక్కకి పనిచేస్తాయి. గుంపులోకి విసిరితే వాటి మధ్య కొట్లాట మొదలై మన దాకా వస్తుంది.

ఎదురుపడినప్పుడు

మొరుగుతూ ముందుకీ వెనక్కీ ఊగే కుక్క చాలావరకు బెదిరింపే. మాట్లాడకుండా, తోక నిటారుగా పెట్టి, ఒళ్లు బిగించి, రెప్ప వేయకుండా మన కుక్కనే చూస్తూ మెల్లగా వచ్చేదానితో జాగ్రత్త. అలాంటిది ముప్పై అడుగుల్లో కనిపించగానే ఈ వరుసలో చేయండి:

1. ఆగండి, పరిగెత్తొద్దు. ముడి పట్టుకుని మన కుక్కని మీ వెనక్కి తెచ్చుకోండి. పట్టీ పొట్టిగా ఉండాలి కానీ మెడ బిగుసుకునేలా లాగొద్దు, ఆ బిగువుకి మన కుక్క కూడా పోట్లాటకి సిద్ధమవుతుంది.
2. ఎదుటి కుక్క కళ్లలోకి కాకుండా దాని భుజాల వైపు చూస్తూ, బొంగురు గొంతుతో ఒక్కసారి “ఏయ్! పో!” అనండి. కీచుగా అరవొద్దు.
3. రాయి తీస్తున్నట్టు వంగితే ఊరకుక్కల్లో చాలా వెనకడుగు వేస్తాయి. అది పది, పదిహేను అడుగుల అవతల ఉన్నప్పుడే చేయండి. దగ్గరికొచ్చాక వంగితే మీ ముఖం దాని ఎత్తుకి దిగుతుంది.
4. వీపు చూపించకుండా, వంపు తిరిగినట్టు పక్కకీ వెనక్కీ అడుగులేయండి. దాని హద్దు దాటితే అదే ఆగిపోతుంది.

చిన్న కుక్కని ఎత్తుకోవాలంటే ఎదుటిది దూరంగా ఉండగానే ఎత్తండి. దగ్గరికొచ్చాక ఎత్తితే అది మీ మీదికే ఎగురుతుంది, చేతులూ ముఖమూ పోతాయి. ప్రహరీ మీద, ఆగి ఉన్న ఆటో సీటులో పెట్టేయడం నయం. గట్టు మీద పట్టీ వదిలేయడం గురించి రెండు మాటలు వినిపిస్తాయి: వదిలితే మన కుక్క తప్పించుకుంటుందని కొందరు, వదలొద్దని కొందరు. ఖాళీ మైదానంలో ఫర్వాలేదేమో గానీ, ఒక పక్క లారీలు తిరిగే రోడ్డూ ఇంకో పక్క నిండు కాలువా ఉన్నచోట వదలొద్దనే మా మాట.

పట్టుకుంటే

పళ్లు దిగి ఉన్నప్పుడు లాగి విడదీయొద్దు, గాయం రెండింతలు చిరుగుతుంది. నోటి దగ్గర చెయ్యి పెట్టొద్దు. కొరుకుతూ వదులుతూ పోట్లాడుతుంటే బకెట్టు నీళ్లు ముఖాన కొట్టండి, లేదా తలమీద తువ్వాలు కప్పండి. ఇద్దరుంటే చెరో కుక్క వెనక కాళ్లు తొడల దగ్గర పట్టి ఎత్తి, వంపు తిరుగుతూ వెనక్కి నడవాలి, నేరుగా లాగితే అది తిరిగి మిమ్మల్నే కొరుకుతుంది. వదలకుండా బిగించి పట్టుకున్న కుక్కకి, మరో పట్టీ దొరికితే దాన్ని మెడలో ఉచ్చులా వేసి పైకి ఎత్తి పట్టుకోండి. ఊపిరాడక నోరు తెరవగానే వదులు చేసి దూరంగా లాగాలి.

తర్వాత

కుక్క కాటు గాయం పైకి చిన్న రంధ్రమే, లోపల చర్మం కండ నుంచి ఊడి సంచిలా అయి ఉంటుంది. అక్కడే రెండు మూడు రోజుల్లో చీము పడుతుంది. చేతికి తొడుగు వేసుకుని, వెంట్రుకలు కత్తిరించి, సబ్బు పెట్టి పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం పెట్టొద్దు. మన ఇబుప్రోఫెన్, పారాసిటమాల్ బిళ్లలు మింగించొద్దు. ఆ రోజే డాక్టరుకి చూపించాలి. ఛాతీ, పొట్ట మీద కాటు పడినా, చిన్న కుక్కని పట్టి ఊపేసినా పైకి ఏమీ లేకపోయినా వెంటనే వెళ్లండి. వానాకాలంలో తెరిచిన పుండు మీద ఈగ వాలితే ఒకటి రెండు రోజుల్లోనే పురుగులు పడతాయి.

రేబిస్ టీకా వేయించిన కుక్కకైనా వెంటనే బూస్టర్ వేస్తారు, వేయించకపోతే డాక్టరు వరుస డోసులు చెబుతారు. జులై 6న ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో ఈ టీకా ఉచితంగా వేస్తారు. మీకు గీరుకున్నా సరే, పదిహేను నిమిషాల కడుగుడు మీకూ వర్తిస్తుంది. ప్రభుత్వాసుపత్రుల్లో చర్మంలోకి వేసే టీకా 0, 3, 7, 28 రోజుల్లో పడుతుంది. చర్మం చిట్లి నెత్తురు వస్తే దాంతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచేసేలోపు కాపాడే ఇంజెక్షన్) కూడా అడగండి.

మీదికొచ్చింది పెంపుడు కుక్కయితే, అజాగ్రత్తగా వదిలేసిన యజమాని మీద భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 ఉంది: ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఊరకుక్క అయితే ఫొటో, చోటు, వేళ రాసి పంచాయతీకో మున్సిపాలిటీకో కాగితం మీద ఇవ్వండి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల కింద ఆపరేషన్, టీకా చేసి చెవి కొస కత్తిరిస్తారు. మీ వీధిలో కత్తిరింపు లేని చెవులెన్నో లెక్కపెట్టి ఆ కాగితంలో రాస్తే ఎన్ని కుక్కలు మిగిలాయో వాళ్లకి తెలుస్తుంది. విషం పెడదామనే మాట వీధిలో ఎవరైనా అంటే అదే న్యాయ సంహితలోని సెక్షన్ 325 చెప్పండి, అందులో శిక్ష అయిదేళ్ల దాకా. విషం కలిపిన ముక్క మొదట తినేది మీ కుక్కే కావచ్చు కూడా.