రొయ్యల గుంట మీద పనిచేసే వెబ్ యాప్: ఫోన్ కెమెరా, లొకేషన్ అందేదెలా

కోట, వాకాడు, ముత్తుకూరు వైపు గుంటల లెక్కలకి ప్లేస్టోర్ యాప్ అక్కర్లేదు, వాట్సాప్‌లో పంపే లింకు చాలు. చిక్కల్లా చెక్ ట్రే (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) ఫొటో, గుంట లొకేషన్ తీసుకునే దగ్గరే.

ముందు హెచ్‌టీటీపీఎస్ (భద్రమైన వెబ్ కనెక్షన్) ఉండాలి. అది లేని పేజీకి బ్రౌజర్ కెమెరా ఇవ్వదు, లొకేషనూ ఇవ్వదు. లోకల్‌హోస్ట్‌కి (పేజీ నడిచే కంప్యూటర్లోనే తెరిచే అడ్రసు) మాత్రం మినహాయింపు ఉంది. అందుకే కంప్యూటర్లో బాగా నడిచిన పేజీ, 192.168తో మొదలయ్యే లోకల్ నెట్‌వర్క్ అడ్రసుతో ఫోన్లో తెరిస్తే మొరాయిస్తుంది. తప్పు కోడ్‌లో వెతక్కండి. ఆండ్రాయిడ్ ఫోన్లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కేబుల్ పెట్టి, కంప్యూటర్ క్రోమ్‌లో ఇన్‌స్పెక్ట్ పేజీ నుంచి పోర్ట్ ఫార్వర్డింగ్ ఇస్తే ఫోన్లోనూ లోకల్‌హోస్ట్ అనే తెరవొచ్చు.

ఫొటో ఒక్కటే కావాలంటే గెట్‌యూజర్‌మీడియా (పేజీలోనే లైవ్ కెమెరా తెరిచే బ్రౌజర్ సదుపాయం) జోలికి పోవద్దు. ఫైల్ ఇన్‌పుట్‌లో యాక్సెప్ట్‌కి ఇమేజ్ రకం, క్యాప్చర్‌కి ఎన్విరాన్‌మెంట్ (వెనక కెమెరా) ఇస్తే ఫోన్ సొంత కెమెరానే తెరుచుకుంటుంది. ఫోకసూ ఫ్లాషూ అదే చూసుకుంటుంది. క్యూఆర్ స్కానింగ్‌లా లైవ్ వీడియో కావాల్సినప్పుడే గెట్‌యూజర్‌మీడియా వాడండి. ఐఫోన్లో వీడియో ఫుల్ స్క్రీన్‌కి పోకుండా వీడియో ట్యాగులో ప్లేస్‌ఇన్‌లైన్ పెట్టండి. పనయ్యాక కెమెరా ఇచ్చే ప్రతి వీడియో ట్రాక్‌నీ స్టాప్ చేయకపోతే కెమెరా ఆన్‌లోనే ఉండి ఛార్జింగ్ తినేస్తుంది.

12 మెగాపిక్సెళ్ల ఫొటో మూడు నాలుగు ఎంబీలు ఉంటుంది. సముద్రం పక్కన సిగ్నల్ అంతంతమాత్రం. కాన్వాస్ (బ్రౌజర్లో బొమ్మ గీసే చోటు) మీద పొడుగు వైపు 1280 పిక్సెళ్లకి తగ్గించి, 0.7 క్వాలిటీతో జేపెగ్ చేస్తే ట్రేలో మిగిలిన మేత చక్కగా కనబడుతుంది, సైజు కేబీల్లోకి దిగుతుంది. కాకపోతే కాన్వాస్ దాటిన ఫొటోలో తీసిన టైమూ లొకేషనూ పోతాయి. వాటిని ముందే వేరే ఫీల్డుల్లో రాసిపెట్టుకోవాలి. సిగ్నల్ లేనప్పుడు ఇండెక్స్‌డ్‌డీబీలో (బ్రౌజర్ లోపలి నిల్వ) దాచి, వచ్చాక పంపండి. ఐఫోన్ సఫారీలో వారం పాటు సైటు ముట్టుకోకపోతే ఆ డేటా చెరిగిపోవచ్చు, కాబట్టి హోమ్ స్క్రీన్‌కి చేర్చుకోమని చెప్పండి.

లొకేషన్ అడిగేటప్పుడు హై అక్యురసీ ఆన్ చేసి, టైమౌట్ 15,000 మిల్లీసెకన్లు, మాగ్జిమమ్ ఏజ్ సున్నా (పాత లొకేషన్ వద్దని) ఇవ్వండి. టైమౌట్ ఇవ్వకపోతే దానికి హద్దే లేదు, పేజీ ఎదురుచూస్తూ కూర్చుంటుంది. వచ్చిన అక్యురసీ మీటర్లలో ఉంటుంది. అది 20 దాటితే మళ్లీ అడగండి. బయలు ప్రదేశంలో కూడా కొన్ని మీటర్ల తేడా మామూలే. రెండు గుంటల మధ్య గట్టు మీద నిలబడ్డ మనిషి ఏ గుంట వాడో జీపీఎస్ చెప్పలేదు. గుంట నంబరు మనిషే ఎంచుకోవాలి, లేదా ఏరేటర్ (నీటికి గాలి కలిపే యంత్రం) ప్యానెల్ పెట్టె మీద క్యూఆర్ అంటించాలి. 

లొకేషన్ ఎర్రర్ కోడ్ 1 వస్తే అనుమతి లేనట్టు, 2 వస్తే లొకేషన్ దొరకనట్టు, 3 వస్తే టైమ్ అయిపోయినట్టు. 1 వస్తే మూడు చోట్ల చూడండి: సైటు అనుమతి, ఫోన్ సెట్టింగుల్లో బ్రౌజర్ అనుమతి, లొకేషన్ స్విచ్. పేజీ తెరవగానే అనుమతి అడిగితే జనం బ్లాక్ నొక్కేస్తారు, ఆ తర్వాత కోడ్ ఎంత బతిమాలినా బాక్సు రాదు. "ఫొటో తీయి" బటన్ నొక్కినప్పుడే అడగండి.

అదే పేజీని ఆండ్రాయిడ్ వెబ్‌వ్యూలో (యాప్ లోపల వెబ్ పేజీ చూపే భాగం) పెడితే మేనిఫెస్ట్‌లో (యాప్ అనుమతులు రాసే ఫైలు) కెమెరా, ఫైన్ లొకేషన్ రాస్తే సరిపోదు. యాప్ స్వయంగా యూజర్‌ని అడగాలి, వెబ్‌క్రోమ్‌క్లయింట్‌లో (పేజీ అడిగేవి యాప్‌కి చేర్చే క్లాస్) పేజీ అడిగినదానికి అనుమతి కూడా ఇవ్వాలి. ఫైల్ ఇన్‌పుట్ తెరుచుకోవాలంటే అందులోనే ఆన్‌షోఫైల్‌చూజర్ అనే ఫంక్షన్ రాయాల్సిందే. ఎక్కువమంది వదిలేసేది ఇదే.

బ్లూటూత్ డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) మీటర్‌ని ఆండ్రాయిడ్ క్రోమ్ నుంచి వెబ్ బ్లూటూత్‌తో చదవొచ్చు, మీటర్ తయారీదారు సర్వీస్ వివరాలు ఇస్తేనే. ఐఫోన్ సఫారీలో ఆ సదుపాయమే లేదు. రీడింగ్ చేత్తో కొట్టే బాక్సు పక్కనే ఉంచండి.