కారు తలుపులకు డోర్ వైజర్లు మనమే అతికించుకోవడం ఎలా

ఓరుగల్లు ప్రాంతంలో కారు నడిపేవారికి అద్దం మూసినా ఇబ్బందే, దించినా ఇబ్బందే అనిపించే కాలాలు ఏడాదిలో రెండు వస్తాయి. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం హన్మకొండ చౌరస్తా దగ్గర గంటసేపు బండి నిలిపి వస్తే స్టీరింగు మీద చేయి పెట్టలేము. జూలై, ఆగస్టు ముసురు రోజుల్లో నలుగురు కూర్చొని అద్దాలన్నీ మూసుకుంటే ఊపిరి ఆవిరికి లోపలి నుంచి మసక కమ్ముతుంది, కాస్త దించితే జల్లు నేరుగా తొడ మీద పడుతుంది. అద్దం పై అంచు వెంబడి ఇంటి చూరులాగా నిలిచే డోర్ వైజరు ఈ రెండింటికీ కొంత మేరకు విరుగుడు. దీనినే కొందరు రెయిన్ గార్డు అని కూడా అంటారు.

కొంత మేరకు అని ఎందుకంటున్నానంటే, వైజరు చాటున అద్దాన్ని వేలెడు మందం దించి ఉంచితే వేడిగాలి పైకి పోవడానికి దారి దొరుకుతుందే తప్ప, ఎండలో నిలిపిన కారు చల్లబడిపోదు. వైజరు ఉంది కదా అని పిల్లలను లోపల కూర్చోబెట్టి దుకాణానికి వెళ్లడం ఎంతమాత్రం తగదు. అద్దాన్ని వేలెడు కంటే ఎక్కువ దించవద్దని చెప్పడానికి దొంగలతో పాటు మన ఊళ్లలో తిరిగే కోతులు కూడా కారణం. చేయి దూరే సందు దొరికితే అవి లోపలి అరటిపండ్ల సంచిని వదలవు, పైగా వైజరును పట్టుకొని వేలాడతాయి.

నా మొదటి జత వైజర్లను రోడ్డు పక్కన ఒక దుకాణంలో పెట్టించుకున్నాను. వాన వెలిసిన అరగంటకు, తలుపు అంచులను భుజం మీది తువ్వాలతో ఒకసారి తుడిచి, నాలుగింటినీ పది నిమిషాల్లో అతికించి పంపించారు. మూడు వారాల తరువాత హైదరాబాదు వెళ్తుండగా జనగామ దాటాక ఎడమ వెనుక తలుపు వైజరు ముందు అంచు లేచి టపటపా కొట్టుకొని, నేను బండి పక్కకు తీసేలోపే ఊడి ఎగిరిపోయింది. వెనుక ద్విచక్ర వాహనం లేకపోవడం అదృష్టం. ఆ తరువాత నా కారుకూ బంధువుల కార్లకూ నేనే స్వయంగా పెడుతున్నాను. నాలుగు వైజర్లను అతికించడానికి ఇరవై నిమిషాలు చాలు, కాని అంతకు ముందు తుడవడానికి గంట, ఆ తరువాత కదిలించకుండా ఉంచడానికి మూడు రోజులు కేటాయించుకోవాలి. ఆ గంటను, ఆ మూడు రోజులను మిగుల్చుకోవాలనుకున్నవారి వైజర్లే ఎక్కువగా ఊడిపోతాయి.

వైజర్లలో రెండు రకాలున్నాయి. ఒకటి తలుపు ఫ్రేముకు బయటి వైపు, రెండు వైపులా అంటుకునే టేపుతో అతికేది. రెండవది అద్దం జారే రబ్బరు గాడిలోకి దూర్చి బిగించేది. మన దగ్గర దొరికేవాటిలో టేపు రకమే ఎక్కువ గనుక ఈ వ్యాసంలో దాని గురించే వివరంగా చెప్పి, గాడి రకాన్ని చివర ప్రస్తావిస్తాను.

కొనేటప్పుడు కారు పేరు ఒక్కటే చెబితే సరిపోదు. ఒకే పేరుతో వచ్చే కారుకు కొత్త తరం మోడలు రాగానే తలుపు వంపు మారిపోతుంది గనుక ఏ సంవత్సరం మోడలో కూడా చెప్పాలి. పెట్టె విప్పగానే ప్రతి ముక్క వెనుక ఉండే గుర్తు చూడాలి. ఎఫ్‌ఆర్ అంటే ముందు కుడి, ఆర్‌ఎల్ అంటే వెనుక ఎడమ. కుడి ఎడమలు కారు లోపల ముందుకు చూస్తూ కూర్చున్నవారికే గాని బంపరు ఎదుట నిలబడినవారికి కాదు. ముక్క మీద చేయి ఆనించి వంచి చూస్తే మెలి తిరిగి ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. మెలి ఉన్న ముక్క ఎంత మంచి టేపునైనా రోజూ కొంచెం కొంచెంగా లాగుతూనే ఉంటుంది గనుక దానిని అక్కడే మార్చుకోవాలి. క్రోమ్ గీత ఉన్నవాటి మీద నాకు మక్కువ లేదు. గీత అంచు లేచిన తరువాత వైజరు ఎంత గట్టిగా ఉన్నా పాతబడినట్టే కనిపిస్తుంది.

రంగు విషయంలో కూడా ఒక మాట. అద్దం మీద అతికించే నల్ల ఫిల్ములను సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న ఇచ్చిన తీర్పులో నిషేధించింది. ముందు వెనుక అద్దాల గుండా 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు పోవాలన్నది పాటించవలసిన ప్రమాణం. వైజరు అద్దానికి అతికే ఫిల్ము కాదు. అయినా చూపుకు అడ్డు రాకూడదన్న ఉద్దేశం దీనికీ వర్తిస్తుంది గనుక, ముందు తలుపులకైనా వెనుక ఉన్నది కనిపించే లేత పొగరంగుదే తీసుకోవడం మంచిది. ముక్కను తలుపుకు ఆనించి, డ్రైవరు సీటులో కూర్చొని, సైడు మిర్రరు పూర్తిగా కనిపిస్తున్నదో లేదో కొనకముందే చూసుకోవాలి.

ఇక పనికి ఏ రోజు అనువైనదో చూద్దాం. ఈ వైజర్లకు వాడే మంచి టేపు నురుగులాంటి అక్రిలిక్ పొర. త్రీఎం కంపెనీ వీహెచ్‌బీ పేరుతో అమ్మే టేపు ఈ జాతిదే. దీనిని అతికించడానికి సుమారు 21 నుంచి 38 డిగ్రీల మధ్య వేడి అనుకూలం. చలిలో జిగురు బిగుసుకుపోయి ఉపరితలంలోని సన్నని గుంతల్లోకి పాకదు. ఎండలో కాలిన రేకు మీదనేమో చేయి ఆనించి ఒత్తడానికే వీలు కాదు, తుడిచిన ద్రవం మురికిని తేల్చకముందే ఆవిరైపోతుంది. అందువల్ల వేసవిలో ఉదయం ఎనిమిది లోపల నీడలో, డిసెంబరు, జనవరి నెలల్లో మంచు పూర్తిగా ఆరిన తరువాత పదకొండు ప్రాంతంలో మొదలుపెట్టాలి. వానాకాలంలో రేకుల షెడ్డు గాని అపార్టుమెంటు సెల్లారు గాని ఉంటే తప్ప ఈ పని పెట్టుకోకూడదు. వైజరు అవసరం గుర్తుకు వచ్చేది వానలు పడిన తరువాతే గనుక అందరూ జూలైలోనే కొంటారు, కాని పెట్టుకోవలసిన నెల మార్చి.

తుడవడం రెండు విడతలుగా జరగాలి. మొదట తలుపు పై ఫ్రేమును షాంపూ నీటితో కడిగి ఆరబెట్టాలి. గోదావరిఖని, భూపాలపల్లి వైపు తిరిగే బండ్ల మీద బొగ్గు పొడి, కరీంనగర్ గ్రానైటు క్వారీల దారిలో తిరిగే బండ్ల మీద రాతి పిండి పైకి కనిపించకుండానే పొరలుగా పేరుకొని ఉంటాయి. వాటిని పొడి గుడ్డతో రుద్దితే రంగు మీద గీతలు పడతాయి గనుక నీటితోనే వదిలించాలి. రెండవ విడతలో, సగం ఐసోప్రొపైల్ ఆల్కహాలు, సగం శుభ్రమైన నీరు కలిపిన ద్రవంతో తుడవాలి. సెల్‌ఫోను రిపేరు చేసేవారు బోర్డులు శుభ్రం చేయడానికి ఈ ఆల్కహాలునే వాడతారు గనుక అది ఎక్కడ దొరుకుతుందో వారిని అడగవచ్చు. పాలిషు, మైనం, డ్యాష్‌బోర్డుకు పూసే సిలికోను, తలకు రాసుకొని తలుపు పట్టుకున్న చేతి నూనె, ఇవన్నీ టేపుకు శత్రువులు. వాటిని కరిగించి ఎత్తేది ఈ ద్రవమే.

దీనికి బదులుగా చేతులకు రాసుకునే శానిటైజరు వాడవద్దు. అందులో చర్మం పొడిబారకుండా కలిపే గ్లిసరిను రేకు మీద పొరగా మిగిలిపోతుంది. పెట్రోలు కూడా జిడ్డు వదులుతుంది, థిన్నరు రంగునే తినేస్తుంది. తుడిచే పద్ధతి కూడా ముఖ్యం. తడి గుడ్డతో ఒకే దిశలో లాగి, ద్రవం దానంతట అది ఆరేలోపే మరొక పొడి గుడ్డతో ఎత్తివేయాలి, లేకపోతే కరిగిన జిడ్డు తిరిగి అక్కడే పేరుకుంటుంది. తెల్ల గుడ్డకు మరక అంటడం మానేసేవరకు మూడు నాలుగు సార్లయినా ఇలాగే చేసి, ఆ తరువాత ఆ జాగాను వేలితో తాకకూడదు. సరిగా తుడిచిందీ లేనిదీ చూద్దామని వేలితో రాసి చూసే అలవాటు మనలో చాలామందికి ఉంది, నాకూ ఉండేది.

నిజానికి తుడవడానికి ముందే ఒకసారి టేపు కాగితం తీయకుండా నాలుగు వైజర్లనూ ఆనించి చూసుకోవాలి. తలుపు ఫ్రేము వంపుతో వైజరు వంపు కలిసిన చోట పైన, చివరల్లో పెయింటర్ల కాగితపు టేపు ముక్కలు అతికించి గుర్తులు పెట్టుకుంటే తరువాత వెతుకులాట ఉండదు. ఈ గుర్తులు టేపు అంటే జాగాకు బయటే ఉండాలి. ఇక్కడ చాలామంది మరచిపోయేది తలుపు తెరుచుకునే తీరు. తలుపు కీలు ముందు వైపు ఉంటుంది, వైజరు ఆ కీలు కంటే బయటికి పొడుచుకొని ఉంటుంది గనుక, వెనుక తలుపు తెరిచినప్పుడు దాని వైజరు ముందు కొన కొంచెం ముందుకు జరుగుతుంది. ముందు వైజరు వెనుక కొనకు అది తగులుతూ ఉంటే రెండూ చిట్లుతాయి లేదా ఊడతాయి. అందువల్ల రెండింటి మధ్య నాలుగైదు మిల్లీమీటర్ల ఎడం ఉంచి, ముందు తలుపు మూసి వెనుకది తెరుస్తూ, తరువాత రెండూ తెరుస్తూ చూడాలి.

ఇప్పుడు అతికించడం. టేపు మీది కాగితం మొత్తాన్ని ఒక్కసారి లాగివేయకూడదు. రెండు చివరల్లో రెండు అంగుళాల మేర మాత్రమే తీసి, ఆ తోకలను వైజరు బయటికి మడిచి ఉంచాలి. వైజరును గుర్తుల మధ్య ఆనించి, రెండు చివరలనూ తేలికగా అంటించి, ఒక అడుగు వెనక్కి జరిగి చూడాలి. వంకర ఉంటే ఈ దశలోనే సరిచేసుకోవడానికి వీలుంటుంది, మొత్తం అంటిన తరువాత లాగి మళ్లీ అతికిస్తే నురుగు చిరిగి పట్టు పోతుంది. అంతా సరిగా ఉంటే ఒక తోకను పట్టుకొని, ఫ్రేముకు దాదాపు సమాంతరంగా, నెమ్మదిగా లాగుతూ, కాగితం వచ్చిన చోటల్లా మరొక చేతి బొటనవేలితో ఒత్తుకుంటూ పోవాలి. తోక తెగితే సూదితో లేపి తీయవచ్చు గాని, వెనుక ఒక ముక్క మిగిలినా అక్కడ నీరు చేరుతుంది. మధ్య నుంచి చివరలకు ప్రతి అంగుళాన్నీ కొన్ని సెకన్ల పాటు గట్టిగా ఒత్తాలి. ఈ జిగురు ఒత్తిడికే స్పందిస్తుంది, తేలికగా తట్టితే అంటినట్టు కనిపిస్తుందే తప్ప అంటదు. పెట్టెలో లోహపు క్లిప్పులు ఇచ్చి ఉంటే, అవి అద్దం రబ్బరు అంచుకు దూరేవి గనుక, టేపు అంటించిన వెంటనే వాటిని కూడా తప్పక బిగించాలి.

టేపు ఎందుకు, ఫెవిక్విక్ లాంటి జిగురు పెడితే ఇంకా గట్టిగా ఉంటుంది కదా అని అడిగేవారు ఉంటారు. వైజరు అక్రిలిక్ ప్లాస్టిక్కు, తలుపు ఉక్కు రేకు. వేడికి అక్రిలిక్ ఉక్కు కంటే దాదాపు ఆరు రెట్లు ఎక్కువగా సాగుతుంది. తెల్లవారుజాముకూ మిట్టమధ్యాహ్నానికీ రేకు వేడిలో 40 డిగ్రీల తేడా వచ్చిందనుకుంటే, మీటరు పొడవున్న వైజరు తలుపు కంటే రెండు మిల్లీమీటర్లకు పైగా అదనంగా సాగి మళ్లీ ముడుచుకుంటుంది. మెత్తని నురుగు టేపు ఆ జరుగుబాటును తనలో ఇముడ్చుకుంటుంది. గాజులా బిగుసుకునే జిగురు దానికి తట్టుకోలేక పగులుతుంది, పైగా దాని ఆవిరికి ప్లాస్టిక్కు మీద తెల్లని మచ్చలు పడతాయి.

అతికించిన ఇరవై నిమిషాలకు టేపు పట్టు దాదాపు సగానికి, 24 గంటలకు 90 శాతానికి, 72 గంటలకు పూర్తి స్థాయికి చేరుతుంది. అందువల్ల మొదటి రోజు కారు కదపకపోవడం, కనీసం తలుపులు దబాలున వేయకపోవడం మంచిది. మూడు రోజుల వరకు నీళ్లు కొట్టి కడగడం, హైవే ఎక్కడం, గుడ్డ కవరు కప్పి లాగడం వద్దు. ఆ తరువాత కూడా ప్రెషరు వాషరు గొట్టాన్ని వైజరు సందులోకి గురిపెట్టవద్దని సర్వీసు సెంటరులో ముందే చెప్పాలి. 80 కిలోమీటర్ల వేగం దాటాక లోపలికి గాలి హోరు మునుపటి కంటే కొంచెం ఎక్కువగా వినిపించడం మామూలే. ఈల వేసినట్టు వినిపిస్తే మాత్రం ఏదో ఒక కొన లేచిందని అర్థం.

గాడి రకం పెట్టేవారు రబ్బరు గాడిని ఇలాగే శుభ్రం చేసి, వైజరును మధ్యలో కొంచెం వంచి రెండు కొనలూ దూర్చి వదలాలి, ఆ తరువాత అద్దాన్ని పూర్తిగా మూసి ఒకటి రెండు రోజులు అలాగే ఉంచాలి. చేయి ఇరుక్కోకుండా అద్దం వెనక్కి దిగే యాంటీ పించ్ సౌకర్యం ఉన్న కార్లలో, వైజరు మందాన్ని అడ్డంకిగా అనుకొని అద్దం పైదాకా వెళ్లి మళ్లీ దిగిపోతుంది. కారుతో ఇచ్చిన పుస్తకంలో చెప్పిన విధంగా అద్దాన్ని తిరిగి సెట్ చేస్తే చాలా సందర్భాలలో సర్దుకుంటుంది. అప్పటికీ దిగిపోతూ ఉంటే ఆ తలుపుకు గాడి రకం మానేయడమే మేలు, ఆ సౌకర్యాన్ని పని చేయకుండా చేసుకోకూడదు.

కొంతకాలానికి ఒక కొన లేచినా, చిట్లినా, దానిని మాత్రమే సూపరు గ్లూతో అదిమి పెట్టకుండా మొత్తం తీసి మళ్లీ పెట్టాలి. తల ఆరబెట్టే డ్రయ్యరుతో వేడి చేసి, గాలానికి వాడే నైలాను దారాన్ని వైజరుకూ తలుపుకూ మధ్య రంపంలాగా లాగుతూ పోతే రంగు చెడకుండా విడిపోతుంది. స్క్రూడ్రైవరుతో పెకిలిస్తే రేకు మీది రంగు గాని, ఫ్రేము మీది నల్ల టేపు గాని లేచివస్తుంది. మిగిలిన నురుగును బొటనవేలితో ఉండలుగా నలిపి తీసి, మొండి జిగురుకు కొద్దిగా కిరోసిను అద్దిన గుడ్డతో రుద్ది, వెంటనే షాంపూ నీటితో కడగాలి. కిరోసిను వాడినచోట ఆల్కహాలు తుడుపు మూడు సార్లకు బదులు ఆరు సార్లయినా పడుతుంది. వాసన పూర్తిగా పోయాకే కొత్త టేపు కాగితం మీద చేయి వేయాలి.