గాల్వెస్టన్ క్రూజ్‌కి సొంత వైన్: ఎక్కే ముందు జాగ్రత్తలు

డాలస్, హ్యూస్టన్ మనవాళ్లు ఎక్కువగా క్రూజ్ షిప్పు ఎక్కేది టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవులోనే కాబట్టి అక్కడి సంగతులే రాస్తున్నాను.

- కార్నివాల్, రాయల్ కరీబియన్ షిప్పుల్లో 21 ఏళ్లు నిండిన ఒక్కొక్కరికి ఒక 750 ఎం.ఎల్. వైన్ సీసా, అదీ ఎక్కే రోజే. విస్కీ, బీరు కుదరవు. వాటర్ బాటిల్‌లో పోసి దాచే తెలివితేటలు వద్దు, పట్టుకుంటే పరువు పోతుంది. రూల్స్ మారుతుంటాయి, బయల్దేరే ముందు కంపెనీ సైట్ చూసుకోండి.

- సీసా చేతి బ్యాగులోనే ఉండాలి. పోర్టర్‌కి ఇచ్చే సూట్‌కేసులో పెడితే స్కానింగ్‌లో ఆపేస్తారు. మీ బట్టలూ ఆలస్యంగా వస్తాయి.

- ఎండాకాలం డాలస్ నుంచి సుమారు అయిదు గంటల డ్రైవ్. డిక్కీలో వదిలేస్తే వైన్ ఉడికిపోతుంది, కార్క్ పైకి తన్నుకొస్తుంది. ఏసీ తగిలేలా సీట్ల దగ్గర పెట్టండి. విమానంలో వచ్చేవాళ్లకైతే ఆ ప్రయాణం వరకూ చెక్-ఇన్ బ్యాగే గతి.

- ఓపెనర్ టెన్షన్ ఎందుకు, మర మూత ఉన్న సీసా కొనండి.

- గదిలో తాగితే ఖర్చు లేదు. డైనింగ్ హాల్‌కి తీసుకెళ్తే కార్కేజీ (సొంత సీసా తెచ్చుకున్నందుకు ఫీజు) వేస్తారు, సుమారు 15 డాలర్లు. పది డాలర్ల వైన్‌కి అది దండగ, మంచి సీసా అయితేనే తీసుకెళ్లండి. మిగిలితే వెయిటర్‌నడగండి, మర్నాటికి దాచిపెడతారు.

- దారిలో మెక్సికో దీవి కొజుమెల్‌లో కొన్న సీసాలు షిప్పువాళ్లు తీసుకుని చివర్లో ఇస్తారు. దిగాక టెక్సస్ పన్ను కట్టాలి, డ్యూటీ ఫ్రీలో కొన్నా సరే.