విడిగా ఉన్న కారు షెడ్డుకు విద్యుత్ ఛార్జరు: మీటరు నుంచి గోడ దాకా

బెంగళూరులో 40×60 అడుగుల స్థలాల్లోనూ, యలహంక, సర్జాపుర వైపు అంతకంటే పెద్ద స్థలాల్లోనూ ఇళ్లు కట్టుకున్న తెలుగువాళ్లలో కొందరు కారు షెడ్డును ఇంటికి ఆనించకుండా గేటు పక్కనో, పెరటి మూలనో విడిగా వేయించుకున్నారు. అక్కడ విద్యుత్ కారుకు ఛార్జరు బిగించడానికి వచ్చే మనిషికి గోడ మీద పని ఒక పూటలో అయిపోతుంది. అయితే ఇంటి మీటరుకూ ఆ గోడకూ మధ్య నేలలో నడవాల్సిన కేబులు, షెడ్డు దగ్గరి ఎర్తింగు, రెండు చివరలా ఉండాల్సిన రక్షణ పరికరాలు సాధారణంగా ఆయన పనిలోకి రావు. ఖర్చూ ప్రమాదమూ ఉన్నది అక్కడే కనుక, ఆ భాగాన్ని లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుకే అప్పగించాలి. ఆయన ఏం చేస్తున్నాడో మనకు తెలిసి ఉండాలి.

ముందుగా ఎంత ఛార్జరు కావాలో తేల్చుకోవాలి. సింగిల్ ఫేజు మీద 32 ఆంపియర్ల ఛార్జరు సుమారు 7.4 కిలోవాట్లు, 16 ఆంపియర్ల సాకెట్టు ద్వారా వచ్చే ఛార్జరు సుమారు 3.3 కిలోవాట్లు తీసుకుంటాయి. రోజుకు 50 కిలోమీటర్లు తిరిగే కారుకు ఏడెనిమిది యూనిట్లు సరిపోతాయి కాబట్టి, చిన్న ఛార్జరు కూడా రెండున్నర గంటల్లో ఆ పని ముగిస్తుంది. నా అభిప్రాయంలో ఊళ్లోనే తిరిగే కుటుంబానికి 3.3 చాలు, తరచూ హైదరాబాదుకో తిరుపతికో రోడ్డు మీద వెళ్లివచ్చేవారికి 7.4 అక్కరకొస్తుంది. అయినా కేబులు మాత్రం పెద్దదానికి తగినట్టే వేయించాలి. కారులోని ఆన్‌బోర్డ్ ఛార్జరు ఎంత తీసుకోగలదో కూడా చూసుకోవాలి, అది 3.3 దగ్గరే ఆగిపోయేదైతే గోడ మీద ఎంత పెద్దది పెట్టినా లాభం లేదు.

తర్వాతిది బెస్కాం (బెంగళూరు విద్యుత్ సరఫరా సంస్థ) మంజూరు చేసిన లోడు, అంటే బిల్లు మీద ఉండే సాంక్షన్డ్ లోడు. 3 కిలోవాట్ల గీజరు, 1 హార్స్‌పవర్ బోరు మోటారు నడుస్తున్నప్పుడే 7.4 కిలోవాట్ల ఛార్జరు కూడా మొదలైతే మొత్తం 11 కిలోవాట్లు దాటుతుంది. బిల్లులో 5 కిలోవాట్లే ఉంటే ముందే అదనపు లోడుకు దరఖాస్తు చేయాలి. ఇంట్లో సొంత కారును ఛార్జ్ చేసుకోవడానికి లైసెన్సు అక్కరలేదు. కర్ణాటకలో విద్యుత్ వాహనాల ఛార్జింగుకు ఎల్‌టీ-6సీ అనే ప్రత్యేక టారిఫ్ తరగతి ఉంది. దాని కింద వేరే మీటరు తీసుకోవడం లాభమా, ఇంటి మీటరు మీదే నడపడం లాభమా అన్నది లెక్క వేసి చూడాలి. ముఖ్యంగా గృహజ్యోతి (నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత విద్యుత్ ఇచ్చే కర్ణాటక పథకం) లబ్ధిదారులు ఈ లెక్క తప్పక చేయాలి. నెలకు 1000 కిలోమీటర్లు తిరిగే కారుకే దాదాపు 150 యూనిట్లు పడతాయి. ఇంటి వాడకంతో కలిసి 200 దాటితే మొత్తం బిల్లూ కట్టాల్సి వస్తుంది.

ఇక కేబులు. ఛార్జరు గంటల తరబడి పూర్తి లోడుతో నడుస్తుంది కాబట్టి 32 ఆంపియర్లకు 40 ఆంపియర్ల ఎంసీబీ (పరిమితి దాటితే కరెంటును ఆపే స్విచ్చు) పెట్టాలి. 30 మీటర్ల దూరానికి 6 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు వేస్తే ఆరేడు వోల్టులు దారిలోనే పోతాయి. 10 చదరపు మిల్లీమీటర్లదైతే నాలుగు వోల్టుల దగ్గర ఆగుతుంది. సాయంత్రాల్లో వోల్టేజీ ముందే తగ్గే ప్రాంతాల్లో ఈ తేడా పనికొస్తుంది. నేలలో వేసేది తప్పనిసరిగా ఆర్మర్డ్ కేబులై ఉండాలి, ఎందుకంటే ఉక్కు కవచం లేని కేబులును పందికొక్కులు కొరికేస్తాయి. 75 సెంటీమీటర్ల లోతున గాడి తవ్వించి, అడుగున ఇసుక పరచి, కేబులు పెట్టి, మళ్లీ ఇసుక కప్పి, దాని మీద ఇటుకలు పేర్చి, పైన హెచ్చరిక టేపు వేసి పూడ్చాలి. అదే గాడిలో ఒక ఖాళీ పైపు కూడా వేయించి ఉంచితే రేపు ఇంటర్నెట్ వైరుకో, గేటు మోటారుకో పనికొస్తుంది. తవ్వకం కూలీ ముందు ఆ పైపు ఖరీదు ఏపాటిది? మూడు ఫేజుల ఆలోచన ఉన్నవారు అందుకు తగ్గ కోర్లున్న (లోపలి వైర్లున్న) కేబులును ఇప్పుడే వేయించుకోవడం మంచిది.

కేబులు రెండు చివరలా సరైన గ్లాండుతో (కేబులును పెట్టెకు పట్టి ఉంచే బిగింపుతో) బిగించి, కోర్లకు లగ్గులు (లోహపు కొసలు) నొక్కించి క్రింప్ చేయించాలి. వైరు పోగులను మెలిపెట్టి నేరుగా స్క్రూ కింద దూర్చే అలవాటు ఇంట్లో లైట్లకు చెల్లవచ్చు గాని ఇక్కడ చెల్లదు. వదులైన టెర్మినల్ దగ్గర వేడి పుట్టి ప్లాస్టిక్కు కరుగుతుంది. సర్వీసు వైరు అల్యూమినియందై, అక్కడ రాగితో కలపాల్సి వస్తే బైమెటల్ లగ్గులు వాడాలి.

ఛార్జరు లైనును ఇంట్లోని ఆర్‌సీసీబీకి (లీకేజీ వస్తే కరెంటును ఆపే స్విచ్చుకు) ముందునుంచే వేరుచేయాలి. లేకపోతే కారు దగ్గర చిన్న లీకేజీ వచ్చినా ఇల్లంతా చీకటవుతుంది. కేబులు మొదలయ్యే చోట ఆలస్యంగా పడే రకం 100 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, షెడ్డు బోర్డులో 30 మిల్లీఆంపియర్లది ఉంచాలి. మన ఇళ్లలో సాధారణంగా కనిపించే ‘ఏసీ’ (AC) రకం ఆర్‌సీసీబీ కారు నుంచి డీసీ లీకేజీ వచ్చినప్పుడు మొద్దుబారిపోయే ప్రమాదం ఉంది. ఛార్జరులోనే 6 మిల్లీఆంపియర్ల డీసీ రక్షణ ఉంటే ‘ఎ’ (A) రకం, లేకపోతే ‘బి’ (B) రకం ఆర్‌సీసీబీ అడగాలి. ఏప్రిల్, మే నెలల ఉరుముల వానలు ఎలా ఉంటాయో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు, అందుచేత ఒక సర్జ్ రక్షణ పరికరం (ఒక్కసారిగా పెరిగే వోల్టేజీ నుంచి కాపాడేది) కూడా అవసరమే.

వీటన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ ఎర్తింగుకు కావాలి. షెడ్డు పక్కనే కొత్త ఎర్త్ పిట్ (ఎర్త్ రాడ్డు పాతే గుంట) వేయించి, దాని నిరోధాన్ని ఎర్త్ టెస్టరుతో కొలిపించాలి. రాతి నేల ఉన్నచోట ఒక పిట్‌తో 5 ఓమ్‌ల లోపు రాకపోతే దూరంగా రెండోది వేసి కలపాలి. 5 ఓమ్‌లు వచ్చినా ఎంసీబీని నమ్ముకోవడానికి లేదు. ఫేజు బాడీకి తగిలితే 230 వోల్టులకు అందులో ప్రవహించేది 46 ఆంపియర్లే, దానికి 40 ఆంపియర్ల ఎంసీబీ వెంటనే పడదు. అక్కడ ప్రాణం కాపాడేది ఆర్‌సీసీబీయే.

ఛార్జరు మీద ఎర్త్ లోపం అని ఎర్ర లైటు వెలిగితే కొందరు ఎలక్ట్రీషియన్లు షెడ్డు బోర్డులో న్యూట్రలుకూ ఎర్త్‌కూ మధ్య చిన్న వైరు ముక్క కలిపి, లైటు ఆరిపోయింది కదా అని డబ్బు తీసుకుని వెళ్లిపోతారు. దీన్ని ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోకూడదు. ఎప్పుడైనా న్యూట్రలు మధ్యలో తెగితే ఆ ముక్క ద్వారా కారు బాడీ మొత్తానికీ కరెంటు వస్తుంది, తడి నేల మీద నిలబడి తలుపు పట్టుకున్న మనిషి దానికి బలవుతాడు. ఆ లైటు వెలిగినప్పుడు చేయాల్సింది మల్టీమీటరుతో న్యూట్రలుకూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలవడం: అది రెండు మూడు వోల్టులు దాటి ఉంటే న్యూట్రలు కీళ్లు బిగించి, పిట్‌లో నీళ్లు పోసి, మళ్లీ కొలిచి, అప్పటికీ తగ్గకపోతే మీటరు వైపు న్యూట్రలును సరఫరా సంస్థ చేత చూపించాలి.

ఛార్జరు పెట్టెను నేల నుంచి సుమారు నాలుగడుగుల ఎత్తున, కారు ఛార్జింగు మూతకు వైరు లాగకుండా అందేచోట బిగించాలి. షెడ్డు పక్కలు తెరిచి ఉంటే వాన జల్లును తట్టుకునే ఐపీ65 రకం ఎంచుకోవాలి.

కరెంటు ఇచ్చే ముందు 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్ కొలిచే పరికరంతో) కేబులు ఇన్సులేషన్ పరీక్షించి, ఆ రీడింగు కాగితం మీద రాయించుకోవాలి. తర్వాత పూర్తి లోడుతో అరగంట ఛార్జ్ చేసి, ఎంసీబీ పైమూత మీద చెయ్యి ఆనించి చూడాలి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే మెయిన్ ఆపి టెర్మినల్ మళ్లీ బిగించాలి. నెలకోసారి ఆర్‌సీసీబీ టెస్టు బటన్ నొక్కాలి. గాడి పూడ్చకముందే కొలత టేపు పెట్టి గోడ నుంచి దూరం కనిపించేలా ఫొటోలు తీసి, వాటి ప్రింటు ఒకటి మెయిన్ బోర్డు తలుపు లోపల అంటించి ఉంచండి. రేపు కొబ్బరి మొక్క నాటేవాడైనా, బోరు పైపు మార్చేవాడైనా గడ్డపార ఎత్తేముందు చూడాల్సింది దాన్నే.