టర్కీలో సైకిల్ మీద: పగటి పనులు ముగించుకుని రాత్రి భోజనానికి కూర్చోవడం ఎలా?

కోన్యా నుంచి అక్సరాయ్ వెళ్లే దారి చాలావరకు చదునుగానే ఉంటుంది. ఎదురుగాలి లేకపోతే హాయిగా తొక్కేయొచ్చు. మధ్యలో సుల్తాన్‌హనీ అనే ఊళ్లో 1229లో సెల్జుక్ సుల్తాను కట్టించిన రాతి సత్రం ఉంది. ఒంటెల మీద సరుకు తెచ్చే వర్తకులు అక్కడ దిగేవారు. ఇప్పుడు అందులో ఎవర్నీ పడుకోనివ్వరు గానీ, బాటసారిని భోజనానికి పిలిచే అలవాటు చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా ఉంది. ఆ పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు. అది వచ్చేసరికి మీరు గాలి లేని టైరుతో, ఖాళీ సీసాలతో ఉంటే భోజనం మీద మనసు నిలవదు. అందుకే సాయంత్రం నాలుగులోపు పనులన్నీ తెమల్చుకోండి.

1. పొద్దున్నే పట్నంలో

ఏటీఎంలో లీరాలు తీసుకోండి. ‘మీ కరెన్సీలోకి మార్చి చూపమంటారా’ అని మిషన్ అడిగితే వద్దనండి, ఆ లెక్కలో నష్టం మనకే. సిమ్ కార్డుకు పాస్‌పోర్ట్ కావాలి. విదేశీ ఫోన్‌ను అక్కడ నమోదు చేయించకపోతే 120 రోజుల తర్వాత లోకల్ సిమ్‌తో పనిచేయదు. నెల రోజుల ట్రిప్పుకి ఆ టెన్షన్ అక్కర్లేదు.

2. గాలి, నీళ్లు, రొట్టె

చిన్న ఊళ్లలో సైకిల్ షాపు దొరకడం కష్టం. ‘లాస్తిక్‌చి’ అనే బోర్డు కోసం చూడండి. లారీలకు, ట్రాక్టర్లకు పంక్చర్లు వేసే షాపు అది. మీ ట్యూబుది సన్న వాల్వు అయితే వాళ్ల గాలి పైపు పట్టదు. చిన్న అడాప్టర్ ఒకటి ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకోండి. నీళ్లకు రోడ్డు పక్క పెట్రోల్ బంకులు నమ్మకం. చాలాచోట్ల చాయ్ కూడా చేతిలో పెడతారు.

వారానికోసారి జరిగే సంతను ‘పజార్’ అంటారు. మన బజారే. దుకాణం అక్కడ దుక్యాన్, సబ్బు సబున్, పనీరు పెయ్‌నీర్. అన్నీ పర్షియన్, అరబిక్ వైపు నుంచి రెండు భాషలకూ నడిచొచ్చిన మాటలే. టమాటాలు, ఆలివ్ కాయలు, గుండ్రటి రొట్టె కొనుక్కుంటే మధ్యాహ్నం గడిచిపోతుంది. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ కొన్ని కొట్లు కాసేపు మూసి ఉంటాయి. మందుల షాపు మూసేశారా? తలుపు మీద ఆ రాత్రి తెరిచి ఉండే షాపు పేరు రాసి ఉంటుంది.

3. గుడారం ఎక్కడ?

పొద్దు వాలకముందే ఊళ్లోకి వెళ్లి టీ కొట్టు దగ్గర ఆగండి. ‘ముఖ్తార్’ అంటే ఊరి పెద్ద. ఆయన ఎక్కడున్నాడని అడిగి, గుడారం వేసుకోవడానికి అనుమతి తీసుకోండి. సాధారణంగా భోజనం పిలుపు వచ్చేదీ ఇక్కడే. పొలాల్లో అడ్డదారిన వెళ్లకండి. గొర్రెల మందకు కాపలా ఉండే కంగల్ కుక్కలు దూడలంత ఉంటాయి. ఎదురైతే సైకిల్ దిగి, దాన్ని మీకూ కుక్కకూ మధ్య పెట్టుకుని మెల్లగా నడవండి. పరుగు మాత్రం తీయొద్దు.

4. భోజనం

వీలైతే అరకిలో బక్లావా మిఠాయి పట్టుకెళ్లండి. గడప దగ్గర చెప్పులు విప్పితే లోపల వేసుకోవడానికి వేరే జత ఇస్తారు. నిమ్మ వాసన వచ్చే కొలోన్యా అనే సెంటు నీళ్లు చేతుల్లో పోస్తారు, రుద్దుకోవాలి.

పాతకాలం పద్ధతిలో అయితే నేల మీద గుడ్డ పరిచి, దాని మీద పెద్ద పళ్లెం పెట్టి చుట్టూ కూర్చుంటారు. బాసిపట్టు మనకు కొత్త కాదుగా! గుడ్డ అంచును మోకాళ్ల మీదికి లాక్కోవాలి, ముక్కలు రాలితే అందులోనే పడతాయి. ముందు మైసూర్ పప్పు సూపు, నిమ్మకాయ పిండుకుని. తర్వాత గోధుమ రవ్వతో చేసిన బుల్గూర్ పిలావ్, ద్రాక్షాకుల్లో బియ్యం చుట్టి ఉడికించిన సర్మా, పెరుగు, ఉప్పేసిన మజ్జిగలాంటి అయ్‌రాన్. ఒకే పళ్లెంలోంచి తింటుంటే మీ వైపున్నదే తీసుకోండి.

మాంసం తినకపోతే పిలవగానే ‘ఎత్ యెమియోరుమ్’ అని చెప్పేయండి, వడ్డించాక కాదు. సూపులో ఎముకల నీళ్లు పోసి ఉండొచ్చు, అదీ అడగండి. రొట్టె ముక్కను నేల మీద వదిలేయడం వాళ్లకు చాలా తప్పు. చివర్లో వంట చేసినావిడతో ‘ఎలినిజే సాలిక్’ అనండి. మీ చేతులు చల్లగా ఉండాలని.

చాయ్ చిన్న గాజు గ్లాసులో వస్తుంది, ఖాళీ అవగానే మళ్లీ నింపుతారు. చాలనిపిస్తే స్పూన్‌ను గ్లాసు మీద అడ్డంగా పెట్టాలి. ఇది తెలియక నేను ఆరు గ్లాసులు తాగి, తెల్లారేదాకా గుడారం పైకప్పు చూస్తూ పడుకున్నాను.

పొద్దున్న మీరు బయల్దేరుతుంటే ఇంటావిడ వెనక చెంబుడు నీళ్లు పారబోయవచ్చు. కంగారు పడకండి. నీళ్లలా సాఫీగా వెళ్లి, నీళ్లలా తిరిగి రమ్మని.